మిరాశీ కొందరిది, మొక్కు అందరిది

తిరుచానూరులో మా ఇంటి గాజు బీరువాలో ఒక ఫోటో ఉంది. అందులో నాకు ఆరేళ్ళు. అమ్మ జాకెట్టుకి టాకాలేసి బిగించి, పిన్ని ఆకుపచ్చ చీరని నాలుగు మడతలు చేసి చుట్టి, సవరం పెట్టి, కనకాంబరాలు ముడిచి నిలబెట్టారు. ఏడుపు అప్పుడే ఆగిందో, మొదలవబోతోందో మొహం చూస్తే తెలీదు. ఆ యేడు నాకు జ్వరం వచ్చి చాలారోజులు తగ్గలేదు. తగ్గితే పిల్లోడికి చీర కట్టించి తీసుకొస్తానని అమ్మ తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుంది. మే నెల ఎండలో బస్సెక్కించి తిరుపతి తీసుకుపోయి మొక్కు చెల్లించింది.

హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఆ ఫోటో రూమ్మేట్ల కంట పడకుండా చూసుకునేవాణ్ణి. తర్వాత జెండర్, పెర్ఫార్మెన్స్ లాంటి మాటలు నేర్చుకున్నాక అదే ఫోటోని ఫోన్లో పెట్టుకుని అందరికీ చూపించాను. దాచినప్పుడూ చూపించినప్పుడూ కూడా నా గురించే ఆలోచించాను. ఆ చీర ఎందుకు కట్టగలిగానో, ఎవరు కట్టలేరో, ఎవరు కట్టాల్సిన పనే లేదో ఆలోచించలేదు.

ఈ మధ్య ఏ సాహిత్య సభకు వెళ్ళినా, ఏ ఆర్ట్ మీట్‌కు వెళ్ళినా ఒక మాట వినపడుతుంది: స్థానిక కళాకారులు సమాజాన్ని కలుపుతారు అని. చప్పట్లు కొడతాం, టీ తాగుతాం. ఎవర్ని ఎవరితో కలుపుతారు, ఏ షరతు మీద కలుపుతారు అని ఎవరమూ అడగం. మా చుట్టుపక్కల చూసిన కళల్ని ముందు పెట్టుకుని ఆ ప్రశ్నే అడగాలని ఈ వ్యాసం. ఇవి 'జానపదం' అనే పెట్టెలో భద్రంగా ఉన్నవి కావు. ఈ యేడూ జరిగాయి, వచ్చే యేడూ జరుగుతాయి. కాబట్టి కొత్త నవలనో సినిమానో విమర్శించినట్టే వీటినీ విమర్శించొచ్చు అనుకుంటాను.

ముందు గంగజాతర. తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. ఒక పాలెగాడు ఊళ్ళో ఆడపిల్లల్ని చెరుస్తుంటాడు. గంగమ్మ మీద కూడా కన్నేస్తాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకొక వేషం వేస్తుంది. ఒకరోజు బైరాగి, ఒంటినిండా నామసుద్ద పూసుకుని తెల్లగా. మర్నాడు బండ వేషం, కుంకుమతో ఎర్రగా. ఆ తర్వాత తోటి, బొగ్గుపొడితో నల్లగా. నాలుగోది దొర వేషం. తనకంటే పెద్ద దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. కథ అక్కడ అయిపోవాలి కదా? అవ్వదు. మర్నాడు ఆమె మాతంగి వేషంలో పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి పోతుంది. చంపిన చేతులతోనే వాడి ఇంటికి పోయి ఓదార్చడం! ఏ కథకుడు కల్పించాడోగానీ, నేను చదివిన ప్రతీకార కథల్లో ఇంత ధైర్యమైన మలుపు ఇంకొకటి గుర్తు రావడం లేదు. ఆ తర్వాత సున్నపుకుండలు, చివరికి జాతర రోజు. ఆ మర్నాడు తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం. కాసేపే దర్శనం. చెంప తొలగించగానే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. మా అమ్మ దగ్గర ఇప్పటికీ చిన్న ముద్ద ఉంది, పసుపు గుడ్డలో కట్టి.

ఈ వారమంతా ఊరే వేదిక. జాతర చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట రాత్రి ఉండకూడదంటారు. సమాజం అనే మాటకి ఇంతకంటే కచ్చితమైన అర్థం నాకు తెలీదు: ఈ వారం రాత్రులు ఎవరు ఎక్కడ నిద్రపోవాలో చెప్పే గీత. మా తిరుచానూరు వాళ్ళం ఆ గీతకి అవతల, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేవాళ్ళం. ఆ సంగతి చిన్నప్పుడే నాకొక చూసేవాడి స్థానం ఇచ్చిందేమో.

ఇప్పుడు అసలు విషయం. బైరాగి, బండ, తోటి వేషాలు ఎవరైనా వేస్తారు. చంకలో పిల్లోడి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి లీవు పెట్టి వచ్చినవాడి దాకా. మగవాళ్ళు చీర కడతారు, నాలాగా. ఇది మొక్కు. కానీ ఊళ్ళో ఇంటింటికీ నడిచే అసలు గంగమ్మ వేషాలు వేసే హక్కు కైకాల కుటుంబానిది. దాన్ని మిరాశీ అంటారు. జాతర మొదలవడమే అవిలాల నుంచి కైకాల వాళ్ళు తెచ్చే పసుపు కుంకుమ, సారెతో. మొక్కుతో వేసిన వేషం వేసినవాడి సొంత లెక్క, సాయంత్రం కడిగేసుకుంటే తీరిపోతుంది. మిరాశీతో వేసిన వేషం అలా కాదు. అది వాకిట్లోకొస్తే ఇల్లాలు బయటికొచ్చి కాళ్ళమీద నీళ్ళుపోసి హారతి పడుతుంది. రెండింటికీ రంగు అదే, వేపాకు అదే. చూసేవాళ్ళ కళ్ళు వేరు.

మిరాశీ అనే మాట తిరుపతిలో చిన్నది కాదు. 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకుల మిరాశీని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. కొండమీద పోయిన మాట కొండకింద వీధుల్లో వేషాల రూపంలో ఇంకా బతికే ఉంది. నేను మిరాశీని వెంటనే తప్పుపట్టలేను. ఒక కుటుంబం తరాలుగా ఒకే నడకని మోసుకొస్తే, ఆ నడకలో ఏం ఉంటుందో దొర వేషం రోజు చూస్తే తెలుస్తుంది. దొరలో తొందర ఉండదు. ఆ నిదానం నేర్చుకుంటే వచ్చేది కాదు. తాతని చూసి తండ్రి, తండ్రిని చూసి కొడుకు, ఆ భయం, ఆ బాధ్యత కలిసి అడుగు బరువెక్కుతుంది. అదే రోజు వీధుల్లో మొక్కు వేషగాళ్ళు రీల్స్ తీసుకుంటూ ఉంటారు. పార్లర్లో మేకప్ చేయించుకుని, చెమటకి చెదిరితే టచప్ చేసుకుంటూ. పాతవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. వాళ్ళ వేషం పల్చగా ఉండొచ్చు. కానీ తలుపు తెరిచి ఉంది, ఎవడైనా లోపలికి రావచ్చు. మిరాశీలో చిక్కదనం ఉంది, తలుపు మూసి ఉంది. మన కళల చరిత్రంతా ఈ రెండింటి మధ్య తగువే అనిపిస్తుంది ఒక్కోసారి.

ఈ రెండింటికీ చెందని కళాకారులు కూడా ఉన్నారు, కిరాయికి వచ్చేవాళ్ళు. చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపది సమేత ధర్మరాజస్వామి గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా నాటకం. హరిదాసు పగలు చెప్పిన ఘట్టమే రాత్రి నాటకంలో వేషం కట్టుకుని వస్తుంది. కాబట్టి రాత్రి ఎవడికీ 'తర్వాతేమవుతుంది' అనే ఆత్రం ఉండదు. ఎట్ల చేస్తాడు అన్నదే చూస్తారు. ఊళ్ళో అందరూ విమర్శకులే. పద్యం రాగం సాగదీస్తే వెనక నుంచి ఒక ముసలాయన దగ్గుతాడు, ఆ దగ్గుకి అర్థం నటుడికి తెలుసు. ఆఖరి రోజు నేలమీద వెల్లకిలా పడుకున్న మట్టి దుర్యోధనుడు, వీధంత పొడుగు. ఆ మట్టి తొక్కింది, మలిచింది ఊరివాళ్ళే. భీముడూ దుర్యోధనుడూ దానిమీదే తరుముకుంటారు. సమాజాన్ని కట్టడం అంటే ఇక్కడ అక్షరాలా మట్టిపనే.

కానీ నాకు ఎప్పుడూ మనసులో నిలిచేది అర్జున తపస్సు. ఎత్తైన మాను ఒకటి పాతుతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఒక్కొక్క మెట్టే ఎక్కుతాడు. కింద, పిల్లలు లేని ఆడవాళ్ళు తడి గుడ్డలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. పైకెక్కాక అతను నిమ్మకాయలు, పండ్లు, పూలు కిందికి విసురుతాడు. ఒళ్ళో పడితే వరం. ఆ కాసేపు అతను కిరాయి నటుడు కాదు. రెండు జాముల కిందట అదే మనిషికి కాఫీ ఇచ్చి, గ్లాసు కడిగిపెట్టమన్న ఊరే ఇప్పుడు అతని చేతి వైపు చూస్తూ ఉంటుంది. ఒకసారి తెల్లారాక రంగు తుడుచుకుంటున్న అర్జునుణ్ణి, పైన ఏమనిపిస్తుంది అన్నా అని అడిగాను. ఏదో గంభీరమైన జవాబు వస్తుందని నా ఆశ. "పైన గాలెక్కువ సామీ. పద్యం మరిస్తే ఎవురికీ తెల్దు. కాలు జారితే మాత్రం తెలస్తాది" అన్నాడు. ఆ తర్వాత బ్యాగు సర్దుకుని, ఇంకా ఇవ్వాల్సిన బత్తా కోసం పెద్దమనుషుల దగ్గరికి పోయాడు.

మాను కింద పడుకున్న ఆడవాళ్ళని మర్చిపోతే ఈ విమర్శ అబద్ధమవుతుంది. నటుడి కళ పూర్తయ్యేది వాళ్ళ ఒళ్ళోనే. అక్కడే నాకు ఇంకో మొక్కు గుర్తొస్తుంది.

గంగజాతర మీద వచ్చిన పుస్తకాల్లో నాకు తెలిసినంతలో బాగా దగ్గరగా చూసి రాసింది జాయిస్ బర్క్‌హాల్టర్ ఫ్లూకిగర్. 2013లో వచ్చిన 'వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫీమేల్'. జాతర రోజుల్లో ఊరు మొత్తం స్త్రీమయం అవుతుందనీ, మగవాళ్ళు ఆ లోకంలో ఉండాలంటే చీర కట్టుకోవాల్సిందేననీ ఆమె చూపు. ఆడవాళ్ళకి ఆ అవసరం లేదు, మొహానికి పసుపు పూసుకుంటే చాలు. నా ఫోటో నాకు అర్థమైంది ఆ పుస్తకం వల్లే. ఏడుపుమొహం పిల్లోడు ఆడవేషం వెయ్యలేదు, తగ్గాల్సినంత తగ్గి లోపలికి రానిచ్చారు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

అదే పుస్తకంలో మాతమ్మల మీద అధ్యాయం దగ్గరే నాకు పేచీ. అమ్మవారితో తాళి మార్చుకున్న ఆడవాళ్ళ గురించి రాస్తూ దానికి పెట్టిన పేరులోనే రక్షణ, తిరిగే స్వేచ్ఛ అనే మాటలున్నాయి. వాళ్ళ బతుకులోని కష్టాన్ని ఆమె చూడలేదని కాదు. ఆ స్వేచ్ఛ మొత్తం అబద్ధమనీ అనను. పెళ్ళైన ఆడది పోలేని చోట్లకి వాళ్ళు పోగలరు, ఆడగలరు, నోరు తెరిచి మాట్లాడగలరు. కానీ ఆ తాళి ఎట్లా వచ్చింది? చిత్తూరు వైపు దళిత వాడల్లో ఆడపిల్లకి జబ్బు చేస్తే, తగ్గితే మాతమ్మకి వదిలేస్తామని తల్లిదండ్రులు మొక్కుకునేవాళ్ళు. పెళ్ళికూతుర్ని చేసి తాళి కట్టేవాళ్ళు. పెద్దయ్యాక ఆమెకి పెళ్ళి ఉండదు. జాతర్లలో ఆడేది, ఆ పేరుతో ఊళ్ళో ఎవరెవరికో లోకువయ్యేది. 1988 చట్టం దేవదాసి, బసివి, జోగినితో పాటు మాతమ్మ అనే పేరు కూడా రాసి నిషేధించింది. చట్టం వచ్చాక కూడా అక్కడక్కడా బయటపడుతూనే వచ్చింది.

అదే జ్వరం. అదే తల్లి భయం. అదే అమ్మవారి కుటుంబం. నాకు వచ్చిన జ్వరానికి ఒక పూట చీర ఖర్చయింది. ఇంకో వాడలో ఇంకో పిల్లకి వచ్చిన జ్వరానికి జీవితం మొత్తం. మొక్కు అందరిదీ అని శీర్షికలో రాశానుగానీ, వెల అందరికీ ఒకటి కాదు. నా ఫోటోని ఫోన్లో చూపించుకుంటూ తిరిగిన రోజుల్లో ఈ లెక్క నాకు తట్టలేదు. ఇంకొకటి కూడా. జాతరలో మాతంగి వేషం వేసే మిరాశీ ఒక మగాడిది. మాతంగి పేరూ మాతమ్మ పేరూ ఎంత దగ్గరగా వినపడతాయో ఒకసారి పైకి అని చూడండి. వేషం వేసినవాడికి హారతి. తాళి మోసినదానికి? వేషం మహత్తు గురించి రాసే మనం, ఈ ఆడవాళ్ళని కళాకారులుగా ఎప్పుడైనా లెక్కేశామా? వాళ్ళ ఆటకి, వాళ్ళ తిట్లకి, డప్పుకి తగ్గట్టు వాళ్ళ అడుగుకి ఒక సమీక్ష వచ్చిందా? సానుభూతి వ్యాసాలు వచ్చాయి, కేసుల వార్తలు వచ్చాయి. అడుగు గురించి రాలేదు. నేనూ రాయలేను, చూడలేదు కాబట్టి. చూడాలంటే ఆ బతుకు కొనసాగాలని కోరుకోవాలి, అది కోరుకోలేను. విమర్శకుడిగా ఇక్కడ నా చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

మరి మిరాశీ తలుపు ఎప్పుడూ తెరుచుకోలేదా? ఒకచోట తెరుచుకుంది. తిరుచానూరు పక్క నుంచి పోయే స్వర్ణముఖి శ్రీకాళహస్తి చేరుతుంది కదా, అక్కడ. కలంకారీ ఒకప్పుడు గుళ్ళకి కథల గుడ్డలు రాసిచ్చే కొద్ది కుటుంబాల పని. అది అంతరించిపోయే స్థితికి వచ్చాక 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్చుకుంటానన్నవాడికి నేర్పడం మొదలైంది. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టి తీసిన నల్లటి కసిం, వెదురు కలం. రహస్యం అనుకున్నది పాఠం అయింది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆ ఊళ్ళో కలంకారీ కొన్ని వందల ఇళ్ళకి అన్నం పెట్టే పని. వాళ్ళల్లో ఆడవాళ్ళు బోలెడుమంది. ఇది మామూలు మార్పు కాదు. గుడ్డమీద ద్రౌపదిని ఇప్పుడు ఆడవాళ్ళు దిద్దుతున్నారు.

అయితే గీత ఎవరిది, రంగు ఎవరిది అని అడిగితే మళ్ళీ చిక్కే. చాలాచోట్ల బొమ్మ గీసేది పెద్ద కళాకారుడు, రంగులు నింపేది ఆడవాళ్ళు, రోజు కూలికి. హైదరాబాదు ఎగ్జిబిషన్‌లో ఆ గుడ్డ కింద ఒక్క పేరే ఉంటుంది. పంచె అంచంత సన్నటి జాగాలో తెలుగు అక్షరాలతో కథ రాసే సంప్రదాయం ఉంది కదా ఆ గుడ్డల మీద, ఆ జాగాలో ఇంకో నాలుగు పేర్లు పట్టవా అనిపిస్తుంది నాకు. కొనేవాళ్ళం అడిగితే పడతాయి.

ఇంక మా వీధి. కార్తీకమాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలప్పుడు మాడవీధుల్లో వాహనం ముందు కోలాటం జట్లు నడుస్తాయి. ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. మా వీధి ఆడవాళ్ళదీ ఒక జట్టు ఉంది, మూడేళ్ళ నుంచి. సాయంత్రం ఆరింటికి రామాలయం ముందు ప్రాక్టీసు. టైలరింగ్ చేసే అక్క గురువు. అరవై దాటిన మా అమ్మ వెనక వరసలో. ఒకే రంగు చీరలు, వాట్సాప్ గ్రూపు, చీర రంగు దగ్గర రెండుసార్లు గొడవ.

కళగా చూస్తే గొప్పగా లేదు, దాచడం ఎందుకు. స్పీకర్లో పాట, అవే ఆరేడు అడుగులు, పాటలన్నీ ఒకే మూసలో. జడకోలాటం వేసే జట్లు వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. పైన కట్టిన తాళ్ళ కొసలు తలా ఒకటి పట్టుకుని, ఆడుతూ ఆడుతూ జడ అల్లేసి, మళ్ళీ వెనక్కి ఆడి విప్పేస్తారు. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది, ఊరంతా చూస్తుంది. మా వాళ్ళు ఇంకా అంతదాకా రాలేదు.

పోయిన కార్తీకంలో గమనించిన సంగతి ఒకటి. వాహనం ముందు ఆడేవాళ్ళని ఎవరూ చూడరు. జనం కళ్ళన్నీ వాళ్ళ తలల మీదుగా వెనకొచ్చే అమ్మవారి మీదే. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. మూడు నెలలు సాధన చేసి, ఎవరూ చూడని ఆట ఆడి, నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. ప్రేక్షకుడు లేకపోతే ప్రదర్శన ఏంటి అని నా పుస్తకాల బుర్రకి అనుమానం. అమ్మని అడిగాను. "చూస్తే ఏం, చూడకుంటే ఏం. తప్పడుగేస్తే పక్కామె కట్టె ఏలికి తగల్తాది. అది చూసుకుంటే చాలు" అంది. అంటే వీళ్ళ సమాజం మాడవీధిలో తయారవలేదు. రామాలయం ముందు సాయంత్రాల్లో తయారైంది, వేళ్ళకి తగిలిన దెబ్బల్లో. దీనికి మిరాశీ లేదు, మొక్కు లేదు, కిరాయి లేదు. అలాగని తలుపు బార్లా తెరిచి ఉందని కూడా అనను. వీధి చివరి రెండు ఇళ్ళ ఆడవాళ్ళని ఎవరూ రావద్దనలేదు. ఎవరూ పిలవనూ లేదు. చీర డబ్బుల లిస్టులో వాళ్ళ పేర్లు ఎందుకు లేవని అడిగితే అమ్మ కాసేపు ఆగి, "వాళ్ళకి వీలు కాదేమోలే" అంది. వీలు కాదని ఎవరు చెప్పారో నేను మళ్ళీ అడగలేదు. అడగాల్సింది.

ఈ యేడు వేసవి సెలవులకి చెల్లెలి కూతురు వచ్చింది. ఆరేళ్ళు. గాజు బీరువాలో ఫోటో చూసి, "మామా, ఈ పాప ఎవురు?" అంది. నేనే అంటే నమ్మలేదు. నమ్మాక, "అయితే నేనేం వేషం వెయ్యాల?" అంది. నీకు వేషమెందుకమ్మా, మొహానికి పసుపు పూసుకుంటే చాలు అని అమ్మ చెప్పింది. ఆ జవాబు దానికి నచ్చలేదు. ఏ రోజు ఏ వేషమో ఒక్కొక్కటే చెప్పించుకుంది. బండ వేషంలో ఎవర్ని కావాలంటే వాళ్ళని తిట్టొచ్చని తెలిసేసరికి లేచి నిలబడింది. "నాకు బండ."

అమ్మ నవ్వింది, అవునని గానీ కాదని గానీ అనలేదు. చెల్లెలు మాత్రం వంటింట్లో కుంకుమ డబ్బా మూత తీసి ఎంతుందో చూస్తోంది.